సంగీత సభలో శ్రోత

ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమి నాడు తమిళనాడులోని తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఎదుట వందలాది గాయకులు, వాద్యకులు బారులు తీరి కూర్చుని పంచరత్న కీర్తనలను కలిసి పాడుతారు. వినడానికి వచ్చేవారు వేల సంఖ్యలో ఉంటారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఈ అయిదింటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పాడేవారిలోను, వినేవారిలోను అధిక సంఖ్యాకుల మాతృభాష తమిళం. కన్నడ, కేరళ ప్రాంతాల నుంచి వచ్చినవారూ ఉంటారు. సాహిత్యంలోని ప్రతి మాటకూ అర్థం చెప్పగలవారు వారిలో కొద్దిమందే. అయినప్పటికీ చరణాలు సాగుతూ ఉండగా కళ్ళు చెమర్చేవారు అక్కడ ఏటా కనిపిస్తూనే ఉంటారు.

చూసి చూసి అలవాటైపోవడంతో ఈ దృశ్యంలోని ప్రశ్న మరుగున పడింది. మాట తెలియకుండా మనసు ఎట్లా కరుగుతుంది? సంగీతానికి భాషాభేదం లేదని ఉపన్యాస వేదికలపై సులభంగా చెప్పే సమాధానం సగమే నిజం. సంగీతానికి తనదైన భాష ఒకటి ఉన్నది. దాన్ని వినికిడి ద్వారానే నేర్చుకోవాలి. తిరువయ్యారులో కూర్చున్న తమిళ శ్రోతకు తెలుగు రాకపోవచ్చు, ఆరభి మాత్రం బాగా వచ్చు. చిన్ననాటి నుంచి సభలలో, ఆలయ ఉత్సవాలలో, పెళ్ళి పందిళ్ళలో విని విని అలవరచుకున్న విద్య అది. తెలుగు గడ్డపై పుట్టి కచేరి ఎన్నడూ వినని వానికి ఆ కీర్తనలోని మాటలు తెలుస్తాయి, గుండె మాత్రం కదలకపోవచ్చు. కనుక ఇక్కడ విచారించవలసినది పాట భాషను గురించి కాదు, శ్రోతను గురించి. గాయకుని గొంతులోని భావం శ్రోత మనసులో రసంగా మారే క్రమాన్ని మన శాస్త్రకారులు అనేక శతాబ్దాలు చర్చించారు. ఆ క్రమానికి అనువైన చోటు ప్రత్యక్ష సభ. ఆ సభలో ఎవరు పాడవచ్చు, ఎవరు కూర్చుని వినవచ్చు అన్న విషయమై ఇరవయ్యవ శతాబ్దంలో చిన్న పోరాటాలేమీ జరగలేదు.

రాగం ఔషధం కాదు

ఫలానా రాగం వింటే సంతోషం, ఫలానా రాగం వింటే దుఃఖం అని మందు సీసాలపై చీటీలు అంటించినట్లు చెప్పడం చాలా కాలంగా ఉన్నది. రాగాలకు ఒక మొగ్గు ఉన్న మాట వాస్తవమే. ముఖారి కరుణకు, అఠాణా వీరానికి, నీలాంబరి జోలపాటకు అనువైనవని సంప్రదాయం. అయితే శబరి భాగ్యాన్ని తలచుకుని అబ్బురపడే త్యాగరాజ కీర్తన ముఖారిలోనే ఉన్నది. అందులో వినిపించేది శోకం కాదు, మాటలకందని ఆశ్చర్యం. అవే స్వరాలు, అవే గమకాలు; నడక, సందర్భం, పాడే తీరు మారినప్పుడు రుచి మారింది.

పేర్లను నమ్ముకున్నా ప్రమాదమే. దక్షిణాదిలో తోడి అని పిలిచే రాగం వేరు, ఉత్తరాదిలో తోడి అని పిలిచే రాగం వేరు. ఉత్తరాది తోడి స్వరాలు మన శుభపంతువరాళి స్వరాలు. మన తోడి స్వరస్థానాలు హిందుస్తానీ వారి భైరవి మేళానికి చెందినవి. మరొక వంక పేరు వేరైనా చుట్టరికం విడిపోని జంటలు ఉన్నవి. మోహనం భూపాలీకి, హిందోళం మాల్కౌఁస్‌కు, కల్యాణి యమన్‌కు, శుద్ధసావేరి దుర్గాకు దగ్గరి బంధువులు. కచేరులు వినే అలవాటున్న తెలుగువాడు కోల్‌కతాలో కూర్చుని మాల్కౌఁస్ విన్నప్పుడు కొంతసేపటికే పరిచితమైన ముఖం కనిపించినట్లు ఉలిక్కిపడతాడు. అయితే పలికే తీరు వేరు, నిలిచే చోటు వేరు. అదొక వింత ఆనందం. దాన్ని పుస్తకం ఇవ్వలేదు.

భావానికీ రసానికీ భేదం చెప్పినవాడు భరతముని. నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు, వాటికి మూలమైన స్థాయీభావాలు, వాటిని పోషించే ఇతర భావాలు విపులంగా ఉన్నవి. ఆయన ఈ విషయాన్ని భోజనపు రుచితో పోల్చి వివరించాడు. తెలుగువారికి ఉగాది పచ్చడి తలచుకుంటే సులభంగా తెలుస్తుంది. వేపపువ్వు, బెల్లం, చింతపండు విడివిడిగా నాలుకకు తగులుతూనే ఉంటాయి. తిన్నవానికి మిగిలేది వాటిలో ఏదీ కాని మరొక రుచి. ఆ రుచి గిన్నెలో లేదు, నాలుకపైనే ఉన్నది.

దుఃఖాన్ని కోరి వినడమెందుకన్న చిక్కుముడిని విప్పినవారు కాశ్మీర ఆలంకారికులు. భట్టనాయకుడు, ఆయన తరువాత సుమారు వెయ్యేళ్ళ క్రితం అభినవగుప్తుడు దీనికి సాధారణీకరణం అన్న సమాధానం చెప్పారు. కళలో కనిపించే శోకం ఫలానా వ్యక్తిది కాదు. నటునిదీ కాదు, ప్రేక్షకునిదీ కాదు. పేరు, ఊరు, కారణం విడిపోయి అందరికీ చెందే శోకంగా నిలిచినప్పుడు మనిషి దాన్ని భయం లేకుండా అనుభవించగలుగుతాడు. ఇంట్లో ఏడ్పించే దుఃఖం మనిషిని ఒంటరిని చేస్తుంది. సభలో కన్నీరు తెప్పించే కరుణ పక్కవానితో కలుపుతుంది. అట్లా స్పందించగలవానికి వారు పెట్టిన పేరు సహృదయుడు. అది పుట్టుకతో వచ్చే బిరుదు కాదు, అభ్యాసంతో వచ్చే అర్హత.

ఈ విచారణ ఒక ప్రాంతానికి పరిమితం కాలేదనడానికి సంగీతరత్నాకరం చరిత్రే నిదర్శనం. దాన్ని రచించిన శార్ఙ్గదేవుని పూర్వులు కాశ్మీరం నుంచి దక్షిణాపథానికి వలస వచ్చారు. ఆయన పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉద్యోగి. ఆ గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాసిన సింహభూపాలుడు నేటి తెలంగాణలోని రాచకొండను ఏలిన రేచర్ల ప్రభువేనని పండితులు పలువురి అభిప్రాయం. రసార్ణవసుధాకరం ఆయన పేరనే ఉన్నది. తరువాతి శతాబ్దంలో విజయనగరంలో కల్లినాథుడు మరొక వ్యాఖ్య కూర్చాడు. కాశ్మీర కుటుంబం, మరాఠ్వాడా కొలువు, తెలుగు రాజు, తుంగభద్రాతీర పండితుడు: ఒక్క గ్రంథం చుట్టూ ఇంత దేశం ఉన్నది.

ఎదురుచూపే ఆయువుపట్టు

కచేరి మొదలు కాకముందే శ్రోత పని మొదలవుతుంది. తంబురాకు తీగలు నాలుగు: పంచమం ఒకటి, షడ్జాలు మూడు. వాటిని శ్రుతి చేసి మీటుతూ ఉండగా సభామందిరంలో ఒక నేల ఏర్పడుతుంది. ఆపైన గాయకుడు పలికే ప్రతి స్వరాన్నీ ఆ షడ్జానికి ఎంత దూరంలో ఉన్నదో చెవి తనకు తెలియకుండానే కొలుస్తుంది. కల్యాణి ఆలాపనలో గాయకుడు పై షడ్జానికి అడుగు దూరంలో ఉన్న నిషాదంపై నిలిచి, ముందుకు పోకుండా దాని చుట్టూ అల్లుకుంటూ ఉంటే, సభ అంతా ఊపిరి బిగబట్టినట్లవుతుంది. ఎప్పుడో ఒక క్షణాన స్వరం షడ్జాన్ని తాకుతుంది. ఎవరో ‘ఆహా’ అంటారు. ఇంతవరకు ఒక్క మాట లేదు, కథ లేదు, దేవుని పేరు లేదు. అయినా ఒక ఆశ పుట్టి, ఆలస్యమై, తీరింది. సంగీతంలోని ఉద్వేగానికి ఈ ఎదురుచూపే ఆయువుపట్టు.

తాళం ఇంకొక విధమైన ఎదురుచూపు. కర్ణాటక కచేరిలో శ్రోతలు తొడపై తాళం వేస్తూ వింటారు. కల్పనస్వరాలు పాడేటప్పుడు గాయకుడు లెక్కలు చిక్కుపరచి, విడదీసి, మళ్ళీ ఎత్తుగడ చోటికి తెచ్చి దించుతాడు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం, కంజీర ఒకరి మాట ఒకరు అందుకుంటూ చివరి ముక్తాయింపు మూడుసార్లు వాయించి పల్లవికి చేరినప్పుడు వందల తలలు ఒక్కసారిగా వాలుతాయి. తని ఆవర్తనం మొదలు కాగానే లేచి ఫలహారశాల వైపు నడిచే అలవాటు మన సభలలో చాలాకాలంగా ఉన్నది. ఆ నడిచేవారు పోగొట్టుకునేది ఈ క్షణాన్నే. హిందుస్తానీ పద్ధతిలో విలంబిత ఖయాల్ పాడేటప్పుడు ఒక్క ఆవర్తనానికి నిమిషం దాకా పట్టవచ్చు. గాయకుడు ఎంత దూరం తిరిగినా ‘సమ్’ వద్దకు రావలసిందే. వచ్చినప్పుడు ‘వాహ్’, ‘క్యా బాత్ హై’ అన్న మాటలు వాటంతటవే వెలువడతాయి. దక్షిణాదిలో అదే పని ‘శభాష్’, ‘భేష్’ చేస్తాయి. ఇవి మర్యాద మాటలు కావు. గాయకుడు వాటిని విని మరొక సంగతి వేస్తాడు, లేదా అక్కడ చాలించి ముందుకు సాగుతాడు. మనోధర్మ సంగీతంలో రచనలో సగం ఆ క్షణాననే జరుగుతున్నది కనుక శ్రోత మెప్పు, మౌనం కూడా రచనలో భాగమవుతాయి.

అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) ఈ రహస్యం గ్రహించిన విద్వాంసుడు. వర్ణంతో మొదలుపెట్టి, చురుకైన కృతులతో సభను సిద్ధం చేసి, ఒక ప్రధాన రాగాన్ని, కృతిని విస్తరించి, తని ఆవర్తనం తరువాత పదాలు, జావళులు, తిరుప్పుగళ్ వంటి తేలికపాటి రచనలతో ముగించే కచేరి పద్ధతిని స్థిరపరచిన ఖ్యాతి ఆయనదే. దాన్ని పాటల పట్టిక అనుకోవడం పొరపాటు. శ్రోత మనసు ఎంతసేపటికి వేడెక్కుతుంది, ఎంతసేపు ఒకే బరువును మోయగలదు, ఎప్పుడు విశ్రాంతి కోరుతుంది అన్న అనుభవం అందులో ఉన్నది. ఉత్తరాది విద్వాంసుడు ఒకే రాగాన్ని గంటకు పైగా పాడి సభను ఒకే లోతుకు తీసుకుపోవడం మరొక దారి. రెండింటిలో ఏది గొప్ప అన్న వాదం నిష్ఫలం.

శ్రోతకు భాష తెలియకపోతే ఏమవుతుందో 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో తెలిసింది. తూర్పు బెంగాల్ శరణార్థుల సహాయార్థం ఏర్పాటైన ఆ కచేరిలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వేదికపై శ్రుతి చేసుకుంటూ ఉండగానే సభ కరతాళధ్వనులతో మారుమోగింది. శ్రుతి చేయడమే ఇంతగా నచ్చితే వాదనం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చమత్కరించారు. ఆ శ్రోతల సద్భావానికి లోటు లేదు. ఏది నేల, ఏది నడక అన్నది మాత్రం వారికి ఇంకా పట్టుబడలేదు.

ఒళ్ళు చెప్పే సాక్ష్యం

గొప్ప సంగీతం విన్నప్పుడు ఒళ్ళు జలదరించడం, కంఠం గద్గదం కావడం, కన్నీరు రావడం అందరికీ తెలిసినవే. నాట్యశాస్త్రం వీటిని సాత్త్విక భావాలలో చేర్చింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అన్నవి ఎనిమిది. మనసు ఏకాగ్రమైతే తప్ప ఇవి పుట్టవని ఆ శాస్త్రం చెప్పడం గమనించదగినది.

ఇటీవలి విజ్ఞానశాస్త్రం ఈ రోమాంచాన్ని కొలవడానికి పూనుకున్నది. కెనడాలోని మాంట్రియల్‌లో 2001లో జరిగిన పరిశోధనలో, తమకు ఇష్టమైన సంగీతం విని పులకించినవారి మెదడులో, ఆకలి తీరినప్పుడు తృప్తినిచ్చే భాగాలే చురుకవుతున్నట్లు తేలింది. 2011లో అదే నగరంలోని పరిశోధకులు మరొక అడుగు ముందుకు వేశారు. పులకరింత కలిగే క్షణంలోనే కాక, దానికి ముందున్న నిరీక్షణలో కూడా డోపమైన్ అనే రసాయనం విడుదలవుతున్నదనీ, ఆ రెంటికీ మెదడులో స్థానాలు వేరనీ వారు చూపారు. నిషాదంపై ఆగి షడ్జం కోసం ఎదురుచూడడంలోని సుఖానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రం పరిశోధకులు 2015లో హిందుస్తానీ రాగాలపై ప్రకటించిన అధ్యయనం, ఒకే రాగం తాళం లేని ఆలాపనలో నెమ్మదైన భావాన్ని, తాళంతో కూడిన గత్‌లో ఉత్సాహాన్ని రేకెత్తించగలదని తెలిపింది. ముఖారి విషయంలో వాగ్గేయకారుడు చేసి చూపినదానికి ఇది దూరం కాదు.

వీటన్నిటికంటె ఆసక్తికరమైనది 1999లో కెనడాలోనే ప్రకటితమైన మరొక అధ్యయనం. హిందుస్తానీ సంగీతంతో పరిచయం లేని శ్రోతలకు రాగాలను వినిపించి, ఏ భావం తోచిందని అడిగారు. సంతోషాన్ని, దుఃఖాన్ని, కోపాన్ని వారు చాలావరకు గుర్తించగలిగారు. శాంతాన్ని గుర్తించలేకపోయారు. వేగం, గొంతు తీవ్రత వంటి గుర్తులు మానవులందరికీ ఉమ్మడి సొత్తు కాబట్టి మొదటి మూడూ హద్దులు దాటాయి. శాంతం అట్లా దాటలేదు. దానికి పరిచయం కావాలి, సహవాసం కావాలి. భరతుని ఎనిమిదింటికి తోడుగా తొమ్మిదవదైన శాంతాన్ని నిలబెట్టడానికి అభినవగుప్తుడు అంతగా వాదించవలసి రావడం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ప్రత్యక్ష సభకూ యంత్రానికీ గల భేదం కూడా పరీక్షకు వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో 2024లో ప్రకటించిన ప్రయోగంలో, పియానో వాద్యకుడు ఎదుట కూర్చున్న శ్రోత మెదడులోని స్పందనను తెలుసుకుంటూ తన వాదనాన్ని మార్చుకునే వీలు కల్పించారు. రికార్డు విన్నప్పటికంటె అప్పుడు శ్రోత మెదడులో భావోద్వేగానికి సంబంధించిన స్పందన ఎక్కువగా, నిలకడగా కనిపించింది. మన గాయకులకు ఆ సమాచారం అందించేది యంత్రం కాదు, ముందు వరుసలో ఊగే తల. 1902లో మన దేశంలో గ్రామఫోను రికార్డింగు మొదలైన నాటి నుంచి ముద్రిత సంగీతం చేసిన మేలు తక్కువది కాదు. అది లేకపోతే పాత విద్వాంసుల గొంతు ఈనాటి వారికి తెలిసేదే కాదు. కాని రికార్డు శ్రోతను వినలేదు. ఎన్నిసార్లు పెట్టినా నిషాదంపై అంతే సేపు ఆగుతుంది.

తలుపులు తెరుచుకున్న తీరు

పందొమ్మిదవ శతాబ్దం చివర వరకు శాస్త్రీయ సంగీతం వినడం చాలామందికి అందని పండు. సంస్థానాధీశుల దర్బారులు, జమీందారుల సావిళ్ళు, కళావంతుల ఇళ్ళు దాని నిలయాలు. ఆలయ ఉత్సవాలలో నాదస్వరం, హరికథ, భజన మాత్రమే సామాన్యునికి అందేవి. ఆ అందిన మేరకైనా గ్రామాలలో సహృదయులను తయారు చేసిన గౌరవం హరికథకులది. వారిలో అగ్రగణ్యుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) 1919లో విజయనగరంలో స్థాపితమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు కావడం సముచితమే.

ఉత్తరాదిలో ఈ తలుపు తట్టినవారు ఇద్దరు. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించి, రాజపోషణతో నిమిత్తం లేకుండా విద్యార్థులకు సంగీతం నేర్పారు, టిక్కెట్టు కొన్న సామాన్యులకు కచేరులు వినిపించారు. భాత్‌ఖండే దేశమంతటా తిరిగి రచనలను సేకరించి, 1916లో బరోడాలో అఖిల భారత సంగీత సమావేశాన్ని ఏర్పాటు చేశారు. దక్షిణాదిలో 1927 మద్రాసు కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశ ఫలితంగా 1928లో మద్రాసు సంగీత అకాడమీ వెలసింది. జాతీయోద్యమ వేదిక నుంచే ఈ సభ పుట్టిందన్న సంగతి నేటి శ్రోతలలో ఎందరికి తెలుసు? తరువాతి దశాబ్దంలో మైకు రావడంతో వెనుక వరుసకు కూడా మంద్రస్థాయి వినిపించసాగింది. అంతవరకు గట్టిగా, పై శ్రుతిలో పాడగలవారిదే రాజ్యం.

టిక్కెట్టు కొనగలిగినంత మాత్రాన అందరికీ వేదికపై చోటు దొరకలేదు. తిరువయ్యారు ఆరాధనలో మహిళలు పాడడానికి చాలాకాలం అనుమతి ఉండేది కాదు. త్యాగరాజ సమాధి చుట్టూ ఉన్న స్థలాన్ని సంపాదించి, తన సొమ్ముతో అక్కడ ఆలయం నిర్మించినది బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952). దేవదాసి కులంలో పుట్టిన ఆమెకు తాను కట్టించిన గుడి ఎదుటనే పాడే హక్కు లేకపోయింది. 1920ల చివర ఆమె మహిళలను కూడగట్టి వేరుగా ఆరాధన ప్రారంభించింది. అప్పటికే పురుషులలో రెండు వర్గాలు ఉండేవి. పలు సంవత్సరాల వివాదాల తరువాత 1940–41లో వర్గాలన్నీ ఏకమై, స్త్రీలకు స్థానం లభించి, పంచరత్నాలను అందరూ కలిసి పాడే ఆచారం స్థిరపడింది. ఈనాడు సనాతనమని తోచే ఆ సామూహిక గానం నిజానికి ఒక రాజీ ఫలం. తంజావూరు సీమలో తెలుగు పాటకు గుడి కట్టించినది మైసూరు సీమలో పుట్టిన స్త్రీ. ఆస్తిని ధారపోసి, మరణానంతరం ఆ ఆవరణకు చేరువలోనే సమాధి పొందింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆకాశవాణి 1952లో జాతీయ సంగీత కార్యక్రమాన్ని, 1954లో ఆహూతుల సమక్షంలో జరిగే రేడియో సంగీత సమ్మేళనాన్ని ప్రారంభించింది. ఉత్తరాది శ్రోతకు కర్ణాటక సంగీతం, దక్షిణాది శ్రోతకు హిందుస్తానీ సంగీతం ఇంట్లోనే వినిపించే అవకాశం అట్లా ఏర్పడింది.

శ్రోతలుగా మారిన గాయకులు

పద్ధతుల మధ్య వంతెనలు కట్టినవారు ఎక్కువగా విద్వాంసులే. అదీ వారు మంచి శ్రోతలు కావడం వలన. కిరానా ఘరానాకు చెందిన అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) మైసూరు, మద్రాసు నగరాలలో కర్ణాటక విద్వాంసులను శ్రద్ధగా విన్నారు. త్యాగరాజ కీర్తనను ఖరహరప్రియలో రికార్డుగా ఇచ్చారు. స్వరాల పేర్లు పలుకుతూ పాడే అలవాటును ఆయన దక్షిణాది నుంచే గ్రహించారని చెబుతారు. మద్రాసు నుంచి పుదుచ్చేరికి రైలులో పోతూ, చెంగల్పట్టు సమీపంలోని ఒక చిన్న స్టేషనులో ఆయన కన్నుమూశారు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కల్పించినదని ప్రసిద్ధి పొందిన హంసధ్వని ఉత్తరాదికి పోయి, ఖయాల్ గాయకులకు ఇష్టరాగమైంది. దేశ్, బేహాగ్, సింధుభైరవి ఎదురు ప్రయాణం చేసి మన కచేరి చివరి భాగంలో కాపురం పెట్టాయి.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) తంజావూరు నాదస్వర బాణీని వరించి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో వాయించారు. 1998లో సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. కాశీలో బాలాజీ మందిరం చెంత సాధన చేసిన బిస్మిల్లా ఖాన్‌కు దక్షిణాదిన సాటి ఎవరని అడిగితే చాలామంది ఈయన పేరే చెబుతారు. నేటి పాకిస్తాన్‌లోని కసూర్‌కు చెందిన బడే గులాం అలీ ఖాన్ 1957లో భారత పౌరసత్వం పొంది, 1968లో హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు. 2015లో కాశీలోని సంకట్ మోచన్ హనుమదాలయ సంగీతోత్సవంలో పాకిస్తాన్ గజల్ గాయకుడు గులాం అలీ పాడినప్పుడు ఆలయ ప్రాంగణం కిక్కిరిసిపోయింది.

కొత్త శ్రోతకు

ఇంత చరిత్ర ఉన్న ఈ విద్య నేడు ఎదుర్కొంటున్న చిక్కు తలుపులు మూసి ఉండడం కాదు, లోపల కుర్చీలు ఖాళీగా ఉండడం. చేతిలోని ఫోనులో ఏ రాగమైనా క్షణంలో దొరుకుతున్నప్పుడు మూడు గంటలు ఒకచోట కూర్చోవడమెందుకని యువకులు అడగడం సహజమే. పాఠశాలలకు, కళాశాలలకు విద్వాంసులనే తీసుకుపోవాలన్న ఆలోచనతో ఢిల్లీ ఐ.ఐ.టి. ఆచార్యుడు కిరణ్ సేఠ్ 1977లో స్పిక్ మెకే సంస్థను ప్రారంభించారు. నేలపై కూర్చోబెట్టి, కళాకారుని చేత రాగాన్ని, తాళాన్ని పరిచయం చేయించి, ఆపైన కచేరి వినిపించడం వారి పద్ధతి. విద్యార్థి సంఘాలు, గ్రంథాలయాలు చొరవ తీసుకుంటే ఇటువంటి సభ ఏ ఊరిలోనైనా సాధ్యమే.

దూరం పోగలవారికి ఉత్సవాలకు కొరత లేదు. జలంధర్‌లో 1875 నుంచి జరుగుతున్న హరివల్లభ సంగీత సమ్మేళనం డిసెంబరు చలిలో, కంబళ్ళు కప్పుకున్న పంజాబీ శ్రోతల నడుమ సాగుతుంది. గ్వాలియర్‌లో తాన్‌సేన్ సమాధి చెంత జరిగే సమారోహ్, పుణేలో భీమ్‌సేన్ జోషీ తన గురువు స్మృతికై 1953లో ప్రారంభించిన సవాయి గంధర్వ ఉత్సవం, కోల్‌కతాలో 1952 నుంచి జరుగుతున్న డోవర్ లేన్ సమావేశం, బెంగళూరులో 1939లో మొదలైన శ్రీరామనవమి కచేరులు ఒక్కొక్కటీ ఒక్కొక్క రకం శ్రోతలను తయారు చేశాయి. బెంగళూరు పందిరిలో చోటు చాలక పక్కవీధిలో నిలబడి విన్నవారి గురించి ఆ నగరవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. డోవర్ లేన్‌లో జనవరి రాత్రి తెల్లవారేదాకా కూర్చున్నవారికి పగటి సభలలో వినే వీలు లేని అపరాత్రి రాగాలు, ఉషఃకాల రాగాలు వాటి వేళలోనే వినబడతాయి.

మొదటిసారి పోయేవారు రాగాల పేర్లు తెలియవని సంకోచించనవసరం లేదు. ముందు తంబురా వినాలి. షడ్జం చెవిలో స్థిరపడిన తరువాత, గాయకుడు ఏ స్వరం వద్ద మాటిమాటికీ ఆగుతున్నాడో గమనించాలి. తాళం తెలియకపోతే పక్కన కూర్చున్న పెద్దవారి చేయి చూస్తే చాలు; నాలుగు ఆవర్తనాలకు ఎత్తుగడ ఎక్కడో పట్టుబడుతుంది. కృతి పూర్తయ్యేవరకు చప్పట్లు కొట్టకుండా ఆగడం మంచిది, తల ఊపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. రాగం పేరు విరామంలో అడగవచ్చు. మద్రాసులోనైనా, విజయవాడలోనైనా, జలంధర్‌లోనైనా ఆ ప్రశ్న అడిగిన కొత్తవానికి సమాధానం చెప్పడానికి ఒకరికి బదులు నలుగురు సిద్ధంగా ఉంటారు; ఆ నలుగురికీ మళ్ళీ ఏకాభిప్రాయం ఉండదు.